హుద్‌హుద్ అంటే ఒక పిట్ట

మా ఊరివాళ్ళు తిథులకు భయపడతారు, తారీకులకు కాదు. అమావాస్యకు పోటు ఎంతవరకు ఎక్కుతుందో, అష్టమినాడు నీరు ఎలా మందగిస్తుందో చదువు రానివాళ్ళు కూడా చెప్పగలరు. తారీకు జీతగాళ్ళకూ బడిపిల్లలకూ కావలసిన వస్తువు. గోడమీద క్యాలెండరు ఉన్నా, పెద్ద అంకెను వదిలేసి దాని కింద చీమల్లా ఉన్న తిథి అక్షరాలనే వెతుక్కుంటారు. అలాంటి ఊరు ఒక ఇంగ్లీషు తారీకును చూసి వణకడం నా కళ్ళముందే మొదలైంది.

మాది శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే, తారురోడ్డు ఇసకలో కలిసిపోయే చోటు. రెండు వేల పదమూడులో అక్టోబరు పన్నెండున ఫైలిన్ తుఫాను వచ్చింది. అది అటు ఒడిశాలో తీరం దాటినా మా ఒడ్డున ఆరబెట్టిన వలలన్నీ ఎత్తుకుపోయింది. మరుసటి ఏడు సరిగ్గా అదే తారీకున హుద్‌హుద్ వచ్చింది. ఈసారి విశాఖపట్నం దగ్గర తీరం దాటి మా ఇళ్ళ పైరేకులనూ పెదనాన్న పడవనూ పట్టుకుపోయింది. పడవ ముందుభాగం రెండు రోజుల తరవాత పక్క ఊరి ఇసకలో దొరికింది. పెదనాన్న దాన్ని ఇంటికి తేలేదు. చూసి, చేత్తో తడిమి, అక్కడే వదిలేసి వచ్చాడు.

టీవీవాళ్ళు రోజంతా ఒకటే మాట చెప్పారు: గత ఏడాది ఇదే తేదీన, గత ఏడాది ఇదే తేదీన. ఆ మాట మా ఊళ్ళో దిగబడిపోయింది. కార్తీకం రాకముందే పెద్దలు రామమందిరం అరుగుమీద కూర్చొని కట్టుబాటు పెట్టారు. ఇకనుంచి ఏటా ఆ తారీకున ఎవరూ వేటకు పోరాదు. ఊరు దాటరాదు. గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టి ఎవరిళ్ళల్లో వాళ్ళుండాలి. అమ్మవారి పండగలో పొలిమేర కట్టినట్టు ఆ రోజు వేపతోరణంతో పొలిమేర కడతారు. తుఫాను పేరు కూడా నోట పలకరాదు. కట్టుబాటు పెట్టిన పెద్దల్లో మొదటివాడు మా పెదనాన్నే.

నేను అప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. నలుగురిలో మాట్లాడేదాన్ని కాదు. క్లాసులో హాజరు పలికినా పక్క బెంచీకి వినపడేది కాదు. కాని గ్రంథాలయంలో పాత పత్రికల అటకదాకా నాకు చనువుండేది. రోజూ డైరీ రాసేదాన్ని. పేజీ పైన ఆ రోజు దొరికిన ఒక కొత్త మాట, దాని అర్థం. కింద అదే తారీకున వెనకటి ఏళ్ళల్లో ఏం జరిగిందో పేపర్లో చూసినవి, పుస్తకాల్లో ఏరినవి. నా సంగతులు రాయడానికి చివర కొంచెం చోటు మిగిలేది. అంతకన్నా ఎక్కువ చోటు నాకు అవసరం పడేదీ కాదు.

హుద్‌హుద్ అనే మాటను నేను ఆ తుఫాను వారంలోనే పట్టుకున్నాను. అది అరబ్బీ మాట. అర్థం ఒక పిట్ట పేరు. మన నిఘంటువులో వెతికితే కూకుడుగువ్వ అని ఉంది. మట్టిరంగు ఒళ్ళు, రెక్కలమీద నలుపూ తెలుపూ చారలు, నెత్తిమీద విసనకర్రలా విప్పుకునే కుచ్చు. బొమ్మ చూడగానే గుర్తుపట్టాను. మా సరుగుడు తోటలో సన్నటి పొడుగు ముక్కుతో నేలను గుచ్చుతూ తిరిగే పిట్ట అదే. ఫైలిన్ థాయి మాట, నీలమణి అని అర్థం. తుఫానులకు పేర్లు పెట్టే దేశాలు వంతులవారీగా అలా పెడతాయట. ఒకరు నగ పేరిచ్చారు, ఒకరు పిట్ట పేరిచ్చారు.

ఇంటికొచ్చి ఈ సంగతి నాన్నమ్మకు చెప్పాను.

"ఒసే, సందేళ ఆ పేరెత్తకే. పిలిస్తే వచ్చీగలదు."

"అది పిట్ట నానమ్మా. మన తోటలో తిరుగుతాది. నువ్వు సూసే ఉంటావు."

"పిట్టయితే పడవనెలా తన్నుకుపోనాది?" అంది నాన్నమ్మ.

డిగ్రీ అయ్యాక రెండు వేల పదిహేనులో బీయెడ్ సీటు వచ్చింది, విజయనగరంలో. సోమవారం సాయంత్రంలోగా కాలేజీకి వెళ్ళి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ సోమవారమే అక్టోబరు పన్నెండు. ముందురోజే వెళ్ళి పట్నంలో ఉండిపోవడానికి నాకక్కడ ఎవరూ లేరు. ఆదివారం కాలేజీ తెరవరు. శనివారం వెళ్దామంటే టీసీ కాగితం చేతికొచ్చేసరికే ఆ మధ్యాహ్నం దాటిపోయింది. నాన్న శ్రావణంలోనే గుజరాత్ పోయాడు, వేరావల్ బోట్లలో పనికి. బోటు సముద్రంలో ఉంటే ఫోను కలవదు. కాబట్టి ఇంట్లో మాట పెదనాన్నదే.

"సీటు మల్లొస్తాది. పేణం మల్లీ వస్తాదేటి?" అన్నాడు ఆయన.

"సీటు మల్లీ రాదు పెదనానా. సోమారం సాయంత్రందాకే."

"ఆ రోజు అమాస కూడానే. ఆడగుంటవి, ఊరంతా ఒక దారైతే నీదొక దారేటి?"

ఆయన కేకలెయ్యలేదు. కేకలేస్తే నాకు సులువుగా ఉండేది. వల సర్దుతూ, ముడి బిగిస్తూ, అది అయిపోయిన సంగతి అన్నట్టు చెప్పాడు. నేను ఇంట్లోకి వచ్చి డైరీలో సోమవారం పేజీ తెరిచాను. అక్టోబరు పన్నెండుకు నేనంతకు ముందే ఏరిపెట్టుకున్నవి ఉన్నాయి. పద్నాలుగు వందల తొంభై రెండులో ఐరోపా నావికులు ఇండియా వచ్చేశాం అనుకొని భూమికి రెండో వైపున్న ఎవరి లంకలోనో దిగిన రోజు. రెండు వేల ఐదులో మన దేశంలో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చిన రోజు. అప్పటినుంచి ఎవరైనా సరే దొరగారిని లెక్క అడగొచ్చు. ఫైలిన్. హుద్‌హుద్. వాటి కింద, ఇంకా జరగని రోజుకు, పెన్సిలుతో కాదు, పెన్నుతోనే రాశాను: 2015, విజయనగరంలో బీయెడ్‌లో చేరాను. రాసినదాన్ని కొట్టేసే అలవాటు నాకు లేదు.

ఆదివారం సాయంత్రం పెద్దలు రామమందిరం దగ్గర కూడారు. మగవాళ్ళు అరుగుమీద, ఆడవాళ్ళు కొంచెం ఎడంగా కొబ్బరిచెట్ల కింద. ఆడవాళ్ళు వినడానికి వస్తారు, మాట్లాడరు. రేపటి పొలిమేర తోరణం ఎవరు కట్టాలి, కొబ్బరికాయలు ఎవరు తేవాలి అని మాటలయ్యాయి. ఇంక లేస్తారనగా నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"పెదనానా, ఒక మాట."

అందరూ తిరిగారు. అమ్మ నా జబ్బ పట్టుకుంది.

"ఫైలిన్ వచ్చినప్పుడు తిథేటి?"

అరుగుమీదనుంచి ఒక ముసలాయన, "దుర్గాష్టమి. దసరా ఏసాలోళ్ళు గుడిసెలో తడిసిపోనారు గదేటి," అన్నాడు.

"మరి హుద్‌హుద్‌కి?"

ఆ పేరు వినగానే ఆడవాళ్ళలో ఒక్కసారి గాలి పీల్చిన చప్పుడు. అయినా వెనకనుంచి ఎవరో చెప్పారు: "అట్లతద్ది మర్నాడు. ఆడగుంటలు కట్టుకున్న ఉయ్యాల తాళ్ళు తెంపీసింది."

"రేపు?"

"అమాస."

"మూడూ ఒకటేనేటి? ఒకటి అష్టమి, ఒకటి సవితి, రేపు అమాస. మీరు పోటూ పాటూ దేన్ని సూసి సెప్తారు, సెందురుణ్ణి సూసా, క్యాలెండర్ని సూసా? సముద్రానికి తిథి తెలుసు. తారీకు దానికెవరు సెప్పారు?"

"టీవీలో సూసుంటాది లేవే!" అని అరుగు చివరనుంచి ఒకడు అన్నాడు.

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, అదే నా ఖర్మ. నవ్వు మొదలయ్యాక ఎంత పెద్ద మాటైనా నవ్వులోనే కొట్టుకుపోతుంది. పెదనాన్న ఒక్కడే నవ్వలేదు.

"సదువుకున్నావు. బాగానే సెప్పావు," అన్నాడు. "కాని నా పడవ తిథి సూసుకొని పోనేదు. రెండేళ్ళు ఒకే తారీకు. మూడో ఏడు రాదని నువ్వు సెప్పగలవేటి?"

"పొద్దున్నా సాయంత్రం రేడియో ఇన్నాను. తుఫాను లేదంతన్నారు."

"సెప్పగలవేటి, నేదేటి?"

"నేను దాటతాను," అన్నాను. "ఏటైనా అయితే నా మీదే పెట్టండి."

ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. దాని తరవాత అరుగుమీద ఎవరూ నవ్వలేదు. మా ఊళ్ళో అలాంటి మాట ఊరికే గాలికి పోదు. మర్నాడు ఎవరి పైరేకు ఎగిరినా, ఎవరి గేదె చచ్చినా, దానికి ఒక తల దొరికిందన్నమాట.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఊరందరి ముందూ అంత మాటనీసావు. రేపు గాలి కాస్త గట్టిగా ఈస్తే మనింటి మీదకే వస్తారు."

"రానీ."

"నీకు బయ్యం నేదేటే?"

"ఉన్నాది."

"మరెందుకూ?"

"ఆ రోజు పోయినా ఏటీ అవదని నాకు తెలుసు. తెలిసీ ఆగిపోతే నాను సదివిందేటి?"

అమ్మ లేచింది. చేపలగంపను నీళ్ళతో కడిగి బోర్లించింది. మర్నాడు అమ్మకం లేదు గనుక గంపకు పనిలేదు.

పొద్దున్న మబ్బు లేదు. సముద్రం అమావాస్య పోటుకు కాస్త పైకి ఎక్కిందంతే, రోజూ చేసే చప్పుడే చేస్తోంది. నేను సర్టిఫికెట్ల సంచి పట్టుకొని వీధిలోకి వచ్చేసరికి పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, గుమ్మాలన్నీ చూస్తుండగా దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఒసే, మీ పెదనాన మాటకి ఇలువ నేదేటే ఊళ్ళో?"

వెనకనుంచి అమ్మ వచ్చింది. "దారి ఒగ్గప్పా," అంది. అంతే. గొంతు పెంచలేదు. ఒడ్డుమీద చేపల బేరం తెగ్గొట్టేటప్పుడు అమ్మ అలాగే మాట్లాడుతుంది. పెద్దమ్మ కొంగు సర్దుకొని పక్కకు జరిగింది.

ఇసక అయిపోయి తారురోడ్డు మొదలయ్యే చోట పొలిమేర కట్టారు. ఒకవైపు కరెంటు స్తంభం, ఇంకోవైపు సరుగుడు చెట్టు, మధ్యన వేపరెమ్మలు గుచ్చిన తాడు. కింద పసుపునీళ్ళు చల్లిన గీత. అయిదారుగురు కాపలాగా కూర్చున్నారు. పెదనాన్న లేచి నా దగ్గరకు వచ్చాడు. కాపలావాళ్ళకు వినపడకుండా మెల్లగా అన్నాడు:

"తోరణం కిందనుంచి పోకు. అలా తోటలోంచి సుట్టు తిరిగి పో. తోటలోంచి పోతే దాటినట్టు కాదు."

ఆయన మొహం చూశాను. బెదిరింపు లేదు. రాత్రంతా ఆలోచించి నాకోసం ఒక సందు వెతికిపెట్టాడు. మా ఊరి కట్టుబాట్లన్నిటికీ అలాంటి సందొకటి ఉంటుంది. శనివారం చేప తినకూడదు గాని ఎండుచేప పులుసు లెక్కలోకి రాదు. అరుగుమీద ఆడది మాట్లాడకూడదు గాని మొగుడి చెవిలో చెప్పి చెప్పించొచ్చు. నేను తోటలోంచి వెళ్తే కట్టుబాటూ నిలబడుతుంది, నా సీటూ దక్కుతుంది, ఎవరికీ నష్టం లేదు. పది అడుగుల ఇసక. పిరికిదాన్ని గనుక నా కాళ్ళు ఆ వైపే లాగాయి కూడా.

కాని దొంగలా చుట్టు తిరిగి వెళ్తే, ఆ తారీకుకు నిజంగానే ఏదో ఉందని నేనూ ఒప్పుకున్నట్టే. వచ్చే ఏడు ఇంకో పిల్ల తోటలోంచి పోవడానికి కూడా ఈయన్నే బతిమాలుకోవాలి.

"తోటలో ముళ్ళున్నాయి పెదనానా," అన్నాను.

సంచి చంకలో పెట్టుకొని, తాడును చేత్తో ఎత్తి, కిందనుంచి వంగి దాటాను. వేపాకులు జుట్టులో చిక్కుకున్నాయి. కూర్చున్నవాళ్ళలో ఒకడు గట్టిగా, "అమ్మా గంగమ్మా, మేం కాదే తల్లీ, ఈ గుంటే!" అని దండం పెట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడ్చేదాన్నేమో. నడక మొదలుపెట్టాక మాత్రం కోపం వచ్చింది, ఆ కోపమే శ్రీకూర్మందాకా నడిపించింది.

మహాలయ అమావాస్య గనుక శ్రీకూర్మంలో పితృకార్యాల జనం కిక్కిరిసి ఉన్నారు. పెద్దలకు పిండాలు పెట్టి తిరిగి వెళ్ళే ఒక కుటుంబంతో కలిసి ఆటోలో ఇరుక్కొని శ్రీకాకుళం చేరాను. అక్కడినుంచి విజయనగరం బస్సు. దారిపొడుగునా కిటికీలోంచి ఆకాశం చూస్తూనే ఉన్నాను. ఎక్కడైనా ఒక మబ్బుతునక కనపడితే అది వెనకబడేదాకా కళ్ళు తిప్పేదాన్ని కాదు. తిథి, తారీకు అని అంత వాదించిన మనిషిని నేనేనా అనిపించింది. భయం లెక్కలకు లొంగదు. లొంగకపోతే లొంగకపోనీ, నేను మాత్రం బస్సు దిగలేదు.

కాలేజీ ఆఫీసులో జనమే లేరు. ఫ్యాను కింద కూర్చున్న గుమాస్తా నా కాగితాలు తిరగేస్తూ, "అమావాస్యపూట చేరడానికి వచ్చింది నువ్వొక్కదానివేనమ్మా. మిగతావాళ్ళంతా శనివారమే కానిచ్చేశారు. నీకు పట్టింపు లేదా?" అన్నాడు.

"లేదండి," అన్నాను. జీవితంలో మొదటిసారి నా గొంతు గది అవతలిదాకా వినపడింది. ఆయన తలెత్తి చూశాడు.

సాయంత్రం ఊరు చేరేసరికి తోరణం అలాగే ఉంది, వేపాకులు వాడిపోయాయి. ఈసారి కూడా తాడు కిందనుంచే వచ్చాను. ఒడ్డున పడవలన్నీ వరసగా పడుకొని ఉన్నాయి. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. అలాంటి రోజున వేటకు పోయుంటే గంపలు నిండేవి. పెదనాన్న పడవల మధ్య నిలబడి ఉన్నాడు.

"ఏటీ రానేదు పెదనానా," అన్నాను.

"మేం ఆగాం గనకే రానేదు," అన్నాడు.

ఆ మాటకు ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. ఊరు ఆగితే తుఫాను రాలేదు, కాబట్టి ఊరు ఆగడంవల్లే రాలేదు. ఇలా ఎన్నేళ్ళైనా చెప్పుకోవచ్చు. కాని ఆ రోజు ఊరు మొత్తం ఆగలేదు. ఒక మనిషి తక్కువగా ఆగింది.

"నాను ఆగనేదు గదా. మరి రావాలి గదా!"

ఆయన నావైపు తిరిగి, "సీటు?" అన్నాడు.

"వచ్చింది."

"ఊఁ," అని పక్కనున్న పడవ తాడు సరిచూడడానికి వంగాడు.

ఆ తరవాత నెలరోజులు ఊళ్ళో ఏం చెడినా నా పద్దులోకే వచ్చింది. ఒకరి ఇంజను సముద్రంలో ఆగిపోయింది. ఒకరి వలలో రాయి పడి చిరిగింది. ఇంకొకరి మేక పిచ్చిమొక్క తిని చచ్చింది. నీళ్ళ కొళాయి దగ్గర, "ఆ గుంట తోరణం దాటింది గదా మరి" అనేవారు. మొదట్లో బిందె వదిలేసి వచ్చేసేదాన్ని. తరవాత నిలబడి, "మేక కూడా హుద్‌హుద్ ఖాతాలోకేనేటి?" అని అడిగేదాన్ని. ఆ పేరు పలికినప్పుడల్లా ఎవరో ఒకరు చెవులు మూసుకునేవారు. నేను ఇంకా గట్టిగా పలికేదాన్ని. క్లాసులు మొదలై హాస్టలుకు వెళ్ళేదాకా రోజుకొకసారి ఆ పేరు కొళాయి దగ్గర వినపడాలని పట్టుపట్టాను.

మరుసటి ఏడు అక్టోబరు పన్నెండు విజయదశమి మర్నాడు పడింది. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. తెల్లారకముందే చప్పుడుకు లేచి చూస్తే అమ్మ గంపకు చుట్టకుదురు సిద్ధం చేసుకుంటోంది. వాకిట్లో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు గంపలతో నిలబడి ఉన్నారు. నవరాత్రులు నియమంగా ఉన్న పట్నంజనం ఆ రోజు చేపకోసం ఎగబడతారు. మా పడవలు కదలకపోయినా పక్క ఊరి పడవలు వస్తాయి, అక్కడ సరుకు ఎత్తుకొని శ్రీకాకుళం పోవాలని వాళ్ళ ఆలోచన. నేనూ చెప్పులేసుకొని వెంట నడిచాను.

తోరణం దగ్గర పెదనాన్న లేచి నిలబడ్డాడు. "ఏటమ్మా ఇది? ఆ గుంటంటే సదువు కోసమని పోనాది. మీకేటొచ్చింది?"

"పండగ మర్నాడు సేపకెంత గిరాకో నీకు తెల్దేటి బావా?" అంది అమ్మ.

"కట్టుబాటు తెల్దేటి?"

"తెలుసు. ఏటైనా అయితే నా గుంట మీద పెట్టీ. అదొప్పుకున్నాది గదా, పోయినేడే."

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. పెదనాన్న మళ్ళీ గొంతు తగ్గించి తోటవైపు చెయ్యి చూపించబోయాడు.

"గంపతో తోటలోంచెలా పోతామండీ," అని ఒకామె విసుక్కుంది. "కొమ్మలకు తగులుతాది. తాడు పైకెత్తండి బేగి, పక్కూరోళ్ళు సరుకు అమ్మీసుకుంటారు."

నెత్తిమీద గంపలున్నవాళ్ళు తాడు కింద వంగలేరు, దించే ఉద్దేశమూ వాళ్ళకు లేదు. కాపలావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ కదలలేదు. నేను వెళ్ళి సరుగుడు చెట్టు వైపు ముడి విప్పడం మొదలుపెట్టాను. సముద్రపు ముడి, తడికి బిగుసుకుపోయింది, గోళ్ళకు లొంగలేదు.

"అలా కాదే," అన్నాడు పెదనాన్న వెనకనుంచి.

"అయితే నువ్వు ఇప్పు," అన్నాను, ముడి వదలకుండానే.